బొమ్మల కథలకు బీరువా శిక్ష

ఏటా నవంబరు 14న చాలా ప్రాథమిక పాఠశాలల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. బాలల దినోత్సవం, జాతీయ గ్రంథాలయ వారోత్సవాల ఆరంభం రెండూ ఆ రోజే కావడంతో, అంతవరకూ ఇనుప బీరువాలో ఉన్న బొమ్మల కథల పుస్తకాలు వరండాలోని బల్లల మీదికి వస్తాయి. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి తలా ఒకటి చేతికిస్తారు, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, సాయంత్రం లెక్క సరిచూసుకుని మళ్లీ లోపల సర్ది తాళం వేస్తారు. మళ్లీ ఎవరైనా ఫొటో అడిగేదాకా ఆ తాళం తియ్యరు. పుస్తక పఠనం పేరుతో సాగుతున్న ఈ మోసానికి బలవుతున్నది అక్షరాలు కూడబలుక్కుంటున్న చిన్నపిల్లలు.

ఇటీవల మా విలేకరి వెళ్లిన ఒక గ్రామీణ పాఠశాలలో అలాంటి బీరువా తెరిపిస్తే, నిగనిగలాడే కాగితం మీద అచ్చయిన పుస్తకాల పేజీలు తేమకు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మూడో తరగతి పాప ఒకటి తీసుకుని, అతుక్కున్న రెండు పేజీలను గోటితో మెల్లగా విడదీసింది. లోపల చెరువులో స్నానం చేస్తున్న ఏనుగు బొమ్మ ఉంది. వేలు కింద పెట్టి చదువుతూ ‘తొండంతో’ అనే మాట దగ్గర ఆగి, బొమ్మ వైపు చూసి, వెంటనే ఆ మాట పైకి అనేసి నవ్వింది. ఇంటికి తీసుకెళ్లనా అని అడిగితే ప్రధానోపాధ్యాయుడు తల అడ్డంగా ఊపారు. ‘చిరిగితే నేను కట్టాలి తల్లీ’ అన్నారు. ఆయన పేరు, ఊరి పేరు మేము రాయడం లేదు. రాస్తే సంజాయిషీ అడిగేది ఆయననే, ఆ భయం పుట్టించిన వ్యవస్థను కాదు.

బడిలో గ్రంథాలయం ఉండాలని చెప్పిన విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో వార్తాపత్రికలు, పత్రికలతో పాటు కథల పుస్తకాలను కూడా పేరు పెట్టి చేర్చింది. సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా రూ.5,000 నుంచి రూ.20,000 వరకు గ్రంథాలయ నిధి కేటాయింపు ఉంది. పిల్లల పుస్తకాలు వంద రూపాయల లోపే దొరుకుతున్న రోజుల్లో, అతి చిన్న బడికి కూడా దీనితో ఏటా యాభైకి తగ్గకుండా వస్తాయి. చట్టమూ, పద్దూ ఉన్నాయి కానీ చదువు మాత్రం రావడం లేదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 ప్రకారం గ్రామీణ భారతంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 27.1 శాతమే. పాఠ్యపుస్తకాలు కాక ఇతర పుస్తకాలను పిల్లలు వాడుతూ కనిపించిన బడులు అదే సర్వేలో 51.3 శాతం. ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి చూసే తీరిక విద్యాశాఖల్లో ఎవరికీ ఉన్నట్టు లేదు.

బొమ్మల పుస్తకం తీరిక వేళ ఆటవస్తువు అనే చులకన భావం ఈ నిర్లక్ష్యానికి మూలం. తెలుగు చదవడం నేర్చుకునే పిల్లకు గుణింతాలు దాటగానే ఒత్తులు ఎదురవుతాయి. చెట్టు, పిల్లి, కుక్క, పువ్వు వంటి నిత్యం నోట్లో నానే మాటలు కూడా అచ్చులో కనబడేసరికి కొత్తగా, కష్టంగా ఉంటాయి. అక్కడ బొమ్మ చెయ్యి అందిస్తుంది. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, పైన ఆ వాక్యం చెప్పే దృశ్యం ఉంటే, పిల్ల ముందు ఊహిస్తుంది, తర్వాత అక్షరాలతో సరిచూసుకుంటుంది, తప్పయితే తనే దిద్దుకుంటుంది. పరీక్ష కోసం చదివే పాఠం ఈ ధైర్యాన్ని ఇవ్వలేదు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ను తరతరాల తెలుగు పిల్లలు వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ గీసిన బొమ్మల వెంట నడుస్తూనే చదివారు. ఈ సంపాదక వర్గంలోనూ అలా చదువు నేర్చినవారే ఎక్కువ. ఆ పత్రిక ఆగి దశాబ్దం దాటింది. అయినా మంచి బొమ్మల పుస్తకాలకు తెలుగులో కరవు లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్, తులిక, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వంటి సంస్థలు తెస్తున్నాయి. 2015లో మొదలైన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగానే దొరుకుతున్నాయి. పుస్తకం ఉండి కూడా పిల్ల చేతికి అందకపోవడమే ఇప్పటి దుస్థితి.

దీనికి కారణం స్టాకు రిజిస్టరు. బల్ల, కుర్చీ, గంటతో పాటు కథల పుస్తకాన్నీ అందులో ఆస్తిగా రాసి, తగ్గితే బాధ్యుడు ప్రధానోపాధ్యాయుడని తేల్చాక, తాళం వేసుకోక ఆయన ఏం చేస్తారు? ఎవరూ ముట్టని పుస్తకం తనిఖీలో నెగ్గుతుంది. నలభై మంది చదివి అట్ట ఊడిన పుస్తకం సంజాయిషీ తెస్తుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) సైతం గ్రంథాలయ పుస్తకాల పరిస్థితి ఇతర సామగ్రి వంటిది కాదని ఒప్పుకున్నాయి. నిజాయితీ లోపమో నిర్లక్ష్యమో లేనప్పుడు, ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సమంజసమేనని అంగీకరించాయి. అవి కేంద్ర కార్యాలయాల కోసం రాసిన నియమాలు, పెద్దలు చదివే గ్రంథాలయాలను దృష్టిలో పెట్టుకున్నవి. పెద్దవాళ్ల దగ్గరే పుస్తకాలు పోతాయని ఒప్పుకున్న ప్రభుత్వం, ఆరేళ్ల పిల్లల చేతిలో ఒక్క పేజీ చిరగకూడదని పట్టుబట్టడం ఏ న్యాయం?

ప్రజల సొమ్ముతో కొన్నవాటికి లెక్క ఉండాలని, ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఉన్న బడిలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం అదనపు భారమని కొందరు అంటున్నారు. లెక్క ఉండాల్సిందే. అయితే ఆ లెక్క ఎన్ని పుస్తకాలు మిగిలాయన్నది కాదు, ఎన్నిసార్లు ఇంటికి వెళ్లివచ్చాయన్నది కావాలి. ఇక ఇచ్చిపుచ్చుకునే పనిని ఐదో తరగతి పిల్లలే ఒక నోటుపుస్తకంతో చక్కగా నడపగలరు. ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్న జనానికి, తమ పిల్లలు ఒక కథల పుస్తకం ఇంటికి తెచ్చుకోవడాన్ని ప్రత్యేక అనుగ్రహంలా చూపడం అన్యాయం.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ప్రాథమిక పాఠశాలల కథల పుస్తకాలను వాడి అరగదీసే సామగ్రిగా గుర్తించి, సుద్దముక్కల సరసన చేర్చాలి. చిరిగినా పోయినా ఉపాధ్యాయుడి నుంచి రికవరీ ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి. ఇందుకు కొత్తగా నిధులు అక్కర్లేదు. ఆ ఉత్తర్వు ఇవ్వకుండా పఠనోద్యమాలు ప్రకటించడం, గోడల మీద నినాదాలు రాయించడం, నవంబరులో ఫొటోలు తెప్పించుకోవడం పిల్లలను వంచించడమే. ఈసారి ఫొటోలు పంపమని ఆదేశించబోయే అధికారులు ముందుగా తమ పరిధిలో గత ఏడాది ఎన్ని బొమ్మల పుస్తకాలు చదివి చదివి చిరిగాయో చెప్పాలి. ఒక్కటీ చిరగలేదన్న నివేదిక మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టినవారికి, బాలల దినోత్సవం నాడు వేదికనెక్కి పిల్లల చదువు గురించి మాట్లాడే అర్హత లేదు.