ఊపిరి బిగబట్టిన నడుము

నేను దర్జీని కాను. ఈ సంగతి ముందే తేలిపోతే మన మధ్య పేచీ ఉండదు. నేను స్టైల్ కన్సల్టెంటును. కొలతలిచ్చి సూట్లు కుట్టించుకునే మగవారికి సలహాలివ్వడం నా వృత్తి. సూదిలో దారం ఎక్కించడం నాకు చేతకాదు, చేతనై ఉండాలని ఉద్యోగంలో చేర్చుకున్నవారూ అడగలేదు. మెడలో టేపు మాత్రం తప్పనిసరి. డాక్టరు మెడలో స్టెతస్కోపు చూస్తే రోగి నిజం చెబుతాడంటారు. నా మెడలో టేపు చూసి నిజం చెప్పిన మగవాడు ఇంతవరకు తారసపడలేదు.

మెడ కొలిచేటప్పుడు అందరూ బుద్ధిమంతులే. భుజాలు, చేతులు, వీపు ఇలా పాతిక దాకా తీసే కొలతల్లో చాలావాటికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఛాతీ దగ్గరైతే కాస్త ఉత్సాహం కూడా చూపిస్తారు. టేపు బొడ్డు మీదికి చేరిందో లేదో, అంతవరకూ నా ముందు నిలబడిన మనిషి మాయమవుతాడు.

పోయిన నెల వచ్చిన పెద్దమనిషినే తీసుకోండి. టేపు తగలగానే ఆయన పొట్ట ఛాతీలోకి ప్రయాణం కట్టింది. ఛాతీ భుజాలను నెట్టింది, భుజాలు చెవులను తాకాయి. అప్పుడే తీసిన ఛాతీ కొలత కాస్తా చెల్లకుండా పోయింది. ముఖం ఎర్రబడింది. ఆయన నా వైపు చూడరు, అద్దం వైపు చూస్తారు. నేను టేపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఊపిరి పట్టుకుని నిలబడ్డారు. "కోటుకు లోపల రంగు లైనింగు వేద్దామా సార్?" అన్నాను. తల ఊపారు. "చేతి దగ్గర నాలుగు గుండీలా?" మళ్లీ తల ఊపారు. అనుభవజ్ఞుడు, నోరు విప్పితే నడుము విప్పినట్టేనని తెలిసినవాడు. ఇలాంటివారి కోసం నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ప్రయోగించాను.

"మీ ఆఫీసులో మీ పై అధికారి ఎలాంటివారు సార్?"

అంతే. అయిదేళ్ల ఆవేదన ఒక్కసారిగా బయటపడింది, ఊపిరితో సహా. పొట్ట సొంతగూటికి తిరిగివచ్చింది. నా వేళ్ల మధ్య టేపు జరజరా జారి 41 దగ్గర ఆగింది.

"36 కదా?" అన్నారాయన, పుట్టినతేదీ చెబుతున్నంత ధీమాగా. సాక్ష్యంగా తొడుక్కున్న రెడీమేడ్ ప్యాంటు పట్టీ తిప్పి చూపించారు. ఆ పట్టీ మీద 36 అనే ఉంది. అలాంటి ప్యాంట్లను కొలిస్తే రెండు అంగుళాలు ఎక్కువ తేలడం మామూలేనని, కొనేవారి మనసు నొచ్చుకోకుండా కంపెనీలు చేసే సేవ అదని ఆయనకు చెప్పలేదు. టేపు 41 అంది. ఆయన 36 అన్నారు. నేను ఎవరినీ నొప్పించకుండా ఫారంలో 38 రాశాను. కన్సల్టెన్సీ అంటే ఇదే.

తరవాత గుడ్డ ఎంపిక. నడుముకు చిన్న అంకె కోరిన మనిషే గుడ్డకు పెద్ద అంకె కోరతాడు. "సూపర్ 150 కంటే పైది లేదా?" అని అడిగారు. ఉన్ని లెక్కల్లో సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు మించకూడదు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సూపర్ 150కి ఆ హద్దు 16.25. అంటే అంకె పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది. అంత సన్నని పోగు తొందరగా నలుగుతుంది, రోజూ వేస్తే తొందరగా అరుగుతుంది. కానీ సన్నబడిన కొద్దీ పెద్ద అంకె దక్కే జాతి ఒకటి లోకంలో ఉందని తెలిశాక ఏ మగవాడు ఆగుతాడు?

ఇంత చేసి దాన్ని బీస్పోక్ అంటాం. లండన్‌లోని సావిల్ రో అనే వీధి దర్జీల లెక్కలో ఆ మాటకు బరువుంది. ఒక్క మనిషి కోసమే గీసిన నమూనా, చేత్తో కత్తిరింపు, మధ్యమధ్య ట్రయల్స్, సూటుకు కనీసం 50 గంటల చేతిపని. 2008లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ మాత్రం, కొలతల ప్రకారం యంత్రం కత్తిరించి కుట్టినదాన్నీ అలాగే పిలుచుకోవచ్చని తేల్చింది. దర్జీలు నొచ్చుకున్నారు. మాకు కడుపు నిండింది. మాటలు అమ్ముకుని బతికేవాళ్లం కదా.

ఆరు వారాల తరవాత పెద్దమనిషి ట్రయల్‌కు వచ్చారు. గుండీ పెట్టగానే కోటు ముందు భాగమంతా ఆ గుండీ దగ్గర కలుసుకునే ముడతలు పడ్డాయి, ఎవరో అడ్డంగా కొట్టేసిన లెక్కలా. ఆయన అద్దంలో చూసుకున్నారు. ఈసారి ఊపిరి బిగబట్టినా లాభం లేకపోయింది.

"మీ దర్జీ చెడగొట్టాడండీ," అన్నారు.

"అవును సార్, నేను మాట్లాడతాను," అన్నాను.

ఇక్కడ నా గాంభీర్యాన్ని కాసేపు హ్యాంగరుకు తగిలిస్తాను. ఎవరు చెడగొట్టారు? వెనక గదిలో అరవై దాటిన మాస్టర్ గారు లాపెల్‌ను, అంటే కోటు ఛాతీ మీద వెనక్కి మడిచే అంచును, వేలి మీద వంచి పట్టుకుని, లోపలి కాన్వాసుకూ పైగుడ్డకూ కలిపి చిన్నచిన్న కుట్లు వేస్తారు. ఒక్కో లాపెల్‌కు వందల కుట్లు. ఒక్కటీ బయటికి కనిపించకూడదు. ఆ మనిషీ కనిపించకూడదని మా షోరూము నియమం. గిరాకీ ఉన్నప్పుడు ఆయన ముందు గదిలోకి రాకూడదు. ఆయనకు లెక్క కోటుకింత. తిరిగివచ్చిన కోటు విప్పి కుట్టినందుకు పైసా ఇవ్వరు, తప్పు ఆయనదేనని నా ఫారం సాక్ష్యం చెబుతుంది కాబట్టి. నా కమిషను ఆర్డరు రాసిన రోజే నా ఖాతాలో పడింది. అబద్ధం చెప్పింది ఒకరు, రాసింది ఇంకొకరు, రెండు రాత్రుళ్లు కళ్లు మసకబారేలా కుట్లు విప్పేది ఈ ఇద్దరూ కాని మూడోవాడు. ఇది దొంగతనం. పట్టుబడని దొంగను నేనే. కోటు లోపలి జేబులో ఒక పట్టీ ఉంటుంది. దాని మీద కొన్నవారి పేరు, తేదీ, కన్సల్టెంటుగా నా పేరు. ఆ పట్టీని కుట్టేది కూడా మాస్టర్ గారే.

కోటు తీసుకుని లోపలికి వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. బ్లేడుతో పక్క కుట్టు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డ చూపించారు. అటు అంగుళంన్నర, ఇటు అంగుళంన్నర. మామూలుగా వదిలేదాని కంటే బాగా ఎక్కువ.

"ఇంత ఎందుకు వదిలారు?" అన్నాను.

"38లో ఎనిమిది మీద కలం రెండుసార్లు తిప్పావు బాబూ. నిజమైతే ఒక్కసారికే రాస్తావు."

తల ఎత్తలేకపోయాను. ఆయనే మళ్లీ అన్నారు: "గిరాకీకి నచ్చిన అంకె నువ్వు రాసుకో, నాకేం బాధ లేదు. పక్కన పెన్సిలుతో చుక్కలు పెట్టు. అంగుళానికి ఒక చుక్క."

అప్పటినుంచి అదే పద్ధతి. ఈ వారం వచ్చిన పదకొండు ఫారాల్లో పదింటికి చుక్కలున్నాయి. చుక్కలు లేని ఆ ఒక్కటీ, తాను రాకుండా పాత కోటు పంపించినవారిది.