సవరణ: పలోలో పురుగు మొత్తంగా పైకి రాదు

పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల దగ్గర పగడపు దిబ్బల్లో ఉండే పలోలో అనే సముద్రపు పురుగుల గురించి ఇదివరకు రాసినప్పుడు, అవన్నీ పౌర్ణమి రాత్రి సముద్రం పైకి వచ్చి, గుడ్లు పెట్టి చనిపోతాయని చెప్పాను. అందులో రెండు తప్పులున్నాయి.

పైకి వచ్చేది పురుగు వెనుక భాగం మాత్రమే. అండాలతోనో శుక్రకణాలతోనో కిక్కిరిసిన ఆ భాగం తెగి, తల లేకుండానే ఈదుకుంటూ నీటి పైకి చేరి, అక్కడ పగిలి వాటిని వదులుతుంది. ఫలదీకరణ జరిగేది నీటిలోనే. ఆడ పురుగులవి నీలి ఆకుపచ్చగా, మగ పురుగులవి ఎర్రని గోధుమ రంగులో ఉంటాయి. ఆ భాగంలో వరుసగా ఉండే ఉంగరాల్లాంటి ఖండాల్లో ఒక్కోదానికీ వెలుతురును పసిగట్టే చిన్న కంటిచుక్క ఒకటి ఉండడం నాకు అన్నిటికన్నా వింతగా తోచింది. తల ఉన్న ముందు భాగం పగడపు దిబ్బలోని బొరియలోనే బతికి ఉండి, తోకను మళ్లీ పెంచుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లో మనకు పరిచయమైన నీరిస్ అనే సముద్రపు పురుగుల్లో మాత్రం సాధారణంగా శరీరమంతా మారిపోయి, సంతానోత్పత్తి తర్వాత పురుగు చనిపోతుంది. దాని కథను దీనికి అంటగట్టాను.

ఇక తిథి. ఇది జరిగేది అక్టోబరు, నవంబరు నెలల్లో, చంద్రుడు తరిగి సగమయ్యే రోజుల్లో, అంటే మన లెక్కన బహుళ అష్టమి ప్రాంతంలో. సమోవా వాసులు తెల్లవారకముందే వలలతో పట్టి, పచ్చిగానో వేయించుకొనో తినేది ఆ తెగిన భాగాలనే.