పాత ఏటీవీకి ఆయిల్ కారడం వయసు లక్షణం కాదు

వాడిన ఏటీవీ (గుట్టల మీద, మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) కొనుక్కున్నవారికి సలహాగా ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతూ ఉంది. దాని సారాంశం ఇది: పాత ఇంజిన్ అన్నాక ఆయిల్ కారడం సహజం, తగ్గినప్పుడల్లా పోసుకుంటే చాలు, చుక్క ఎక్కడ పడితే లీకు అక్కడే, బోల్టులన్నీ గట్టిగా బిగించి, అప్పటికీ ఆగకపోతే అతుకు మీద సిలికాన్ పూయాలి, అదీ కుదరకపోతే లీకు ఆపే మందు కలిపి, చిక్కటి ఆయిల్ పోయాలి, ఎయిర్ ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్సులో ఆయిల్ కనిపిస్తే మాత్రం ఇంజిన్ పని అయిపోయినట్లే. ఈ మాటలన్నింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది కనుకనే ఇవి నమ్మేలా ఉంటాయి. ఆయిల్ ఏ చోటు నుంచి, ఏ కారణంగా బయటికి వస్తోందో ముందు చూడమన్న మాట మాత్రం ఒక్కదానిలోనూ లేదు.

సహజం అన్నదాన్ని ముందు చూద్దాం. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు సీలు గట్టిపడుతుంది, అతుకుల మధ్య ఉండే కాగితపు గాస్కెట్ పెళుసుబారుతుంది, ఇది కాదనలేనిది. అయితే అలా పాడైనది ఇంజిన్ కాదు, అందులోని ఫలానా సీలు లేదా ఫలానా గాస్కెట్, దాన్ని మార్చవచ్చు. ఇక పోసుకుంటే చాలన్న సలహా కారు అనుభవంతో చెప్పినదిలా ఉంది. చాలా ఏటీవీల ఇంజిన్‌లో పట్టేది 2 లీటర్లకు కాస్త అటూ ఇటూ కనుక, అందులో అర లీటరు పోయిందంటే నాలుగో వంతు పోయినట్లే. ఆ స్థితిలో బండి ఏటవాలుగా గుట్ట ఎక్కుతుంటే మిగిలిన ఆయిల్ ఒక మూలకు చేరి, పంపు ఆయిల్‌కు బదులు గాలిని పీలుస్తుంది. వేడెక్కిన ఎగ్జాస్ట్ పైపు మీద పడిన ఆయిల్ పొగతో ఆగకపోవచ్చు, నిప్పు కూడా అంటుకోవచ్చు. ఒక అతుకు చుట్టూ చుక్క కట్టకుండా చెమర్చినట్లు మాత్రమే ఉంటే కొన్నాళ్లు గమనిస్తూ నడపడంలో తప్పులేదు. నేల మీద మరక పడుతుంటే మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.

చుక్క పడినచోటే లీకు ఉంటుందన్నది అన్నింటిలోకీ ఎక్కువ శ్రమ వృథా చేయించే మాట. ఆయిల్ సన్నని పొరగా లోహాన్ని పట్టుకుని కిందికి జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది, చివరికి ఇంజిన్ అడుగున ఉన్న స్కిడ్ ప్లేటు మీద చేరి, దాని ఏదో ఒక రంధ్రం గుండా కారుతుంది. నేను కొన్న వాడిన ఏటీవీకి ఆ చుక్క డ్రెయిన్ బోల్టుకు సరిగ్గా కిందనే పడేది. వాషరు రెండుసార్లు మార్చాను, ఫలితం లేకపోయింది. మూడోసారి స్కిడ్ ప్లేటు విప్పి, గట్టిపడిన మట్టిని గీకి, జిడ్డు వదిలించే ద్రావకంతో ఇంజినంతా కడిగి, ఆరాక పైనుంచి కిందిదాకా టాల్కం పౌడరు చల్లి, పది నిమిషాలు నడిపి ఆపాను. తెల్లటి పొడి మీద దారమంత సన్నని నల్లటి గీత ఒకటి సిలిండర్ వెనుక భాగం నుంచి దిగి, ఇంజిన్ కింది పెట్టె అయిన క్రాంక్‌కేస్ అంచు వెంట తిరిగి, డ్రెయిన్ బోల్టు తల దగ్గర చుక్క కడుతోంది. ఆ గీత మొదలైనది, వాల్వులను నడిపే చెయిన్‌ను బిగువుగా ఉంచే కామ్ చెయిన్ టెన్షనర్ గాస్కెట్ దగ్గర. అంటే రెండు చిన్న బోల్టులు, బొటనవేలంత కాగితపు ముక్క. (ఆ టెన్షనర్ విప్పేవారికి ఒక హెచ్చరిక: పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైకొనకు తెచ్చి ఉంచాలి, టెన్షనర్ బయట ఉన్నంతసేపూ క్రాంక్‌ను తిప్పకూడదు, తిరిగి బిగించే ముందు దాని పుల్లను లోపలికి నొక్కి ఉంచాలి, లేకపోతే చెయిన్ ఒక పన్ను జారి, వాల్వులు పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది.)

అందువల్ల తడిగా ఉన్నవాటన్నింటిలో అతి ఎత్తున ఉన్న చోటు నుంచి వెతుకులాట మొదలుపెట్టాలి. వాల్వు కవరు గాస్కెట్, టాపెట్ మూతల ఓరింగులు, సిలిండర్ అడుగు గాస్కెట్, కరెంటు పుట్టించే స్టేటర్ వైర్లు బయటికి వచ్చేచోట ఉండే రబ్బరు బుడిపె, ఆయిల్ ఫిల్టర్ మూత, చెయిన్ బండి అయితే ముందు స్ప్రాకెట్ వెనుకనున్న సీలు, ఆయిల్ కూలరు గొట్టాల అతుకులు అనుమానించదగినవి. కారినది ఇంజిన్ ఆయిలేనా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. గంధకం వాసన వస్తే అది చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌లోని గేరు ఆయిల్ కావచ్చు. తియ్యటి వాసనతో రంగునీళ్లలా ఉంటే కూలెంట్. అమ్మేవారు చూపించే రోజున ఇంజిన్ మాత్రమే తళతళలాడుతూ, మిగతా బండి మట్టికొట్టుకుని ఉంటే నేను అరగంట నడిపి చూడకుండా ధర మాట్లాడను.

బోల్టులు బిగించమన్న సలహాలో ఒక అంశం సరైనదే: వదులైన బోల్టును బిగించాల్సిందే. అయితే కవర్లను పట్టి ఉంచే 6 మిల్లీమీటర్ల బోల్టు అల్యూమినియంలో సాధారణంగా కోరేది సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు మాత్రమే; పొడవాటి రెంచితో చేతి బలం చూపిస్తే అంతకు రెండింతలు సునాయాసంగా దాటిపోతుంది. అప్పుడు గాస్కెట్ నలిగి చీలుతుంది, కవరు వంగుతుంది, లేదా క్రాంక్‌కేస్‌లోని మర లేచివస్తుంది. కొత్త గాస్కెట్‌తో ఆగవలసిన లీకుకు అప్పుడు మర తొలిచి, కొత్త మర ఉన్న ఇన్సర్ట్ వేయించాల్సి వస్తుంది. సిలికాన్‌కూ తనదైన చోటు ఉంది: క్రాంక్‌కేస్ రెండు సగాలు కలిసే అతుకు వంటి చోట్ల తయారీదారు చెప్పిన రకం సీలెంట్‌ను పలుచటి పొరగా వాడతారు. గాస్కెట్ ఉండవలసిన చోట దాన్ని దట్టంగా పూస్తే, బయటికి ఉబికినంత లోపలికీ ఉబుకుతుంది. ఆ ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి. జిడ్డుగా ఉన్న అతుకు మీద పైపైన పూసినదైతే అంటుకోనే అంటుకోదు.

లీకు ఆపే మందుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అవి చేసేది ప్రధానంగా గట్టిపడిన రబ్బరును ఉబ్బించి మెత్తబరచడం. చిరిగిన కాగితపు గాస్కెట్‌కు, పగిలిన కవరుకు, గాడిపడిన షాఫ్టుకు అవి చేసేదేమీ లేదు. పైగా చాలా ఏటీవీలలో క్లచ్ ప్లేట్లు అదే ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఘర్షణ తగ్గించే పదార్థం అందులో కలిస్తే క్లచ్ జారడం మొదలవుతుంది. అలాంటి బండ్లకు జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌కు సరిపడుతుందని తెలిపే ప్రమాణం) గుర్తున్న ఆయిల్ వాడమనడం ఇందుకే. చిక్కదనం 10డబ్ల్యూ-40 అని చెప్పినచోట అంతకన్నా చిక్కటిది పోస్తే చుక్కల మధ్య విరామం కాస్త పెరగవచ్చు గాని, చల్లటి ఇంజిన్‌లో పైభాగానికి ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది.

ఎయిర్ బాక్సులో ఆయిల్ కనిపిస్తే ఇంజిన్ అయిపోయిందన్న మాట అన్నింటికన్నా అన్యాయమైనది. దీన్ని నమ్మి మంచి ఇంజిన్లను తక్కువకు వదిలించుకునేవారున్నారు. క్రాంక్‌కేస్ ఊపిరి పీల్చే బ్రీదర్ పైపు సాధారణంగా ఎయిర్ బాక్సులోకే చేరుతుంది కనుక, ఆయిల్ ఎక్కువైతే అది అక్కడే తేలుతుంది. ఎక్కువ పోయడానికి తరచుగా కారణం కొలత తప్పడమే: ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ ఇంజిన్లలో బండి నిలిపి ఉంచినప్పుడు ట్యాంకులోని ఆయిల్ నెమ్మదిగా క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది, ఉదయాన్నే చల్లగా చూస్తే కొలత పుల్ల మీద మట్టం తక్కువగా కనిపిస్తుంది, యజమాని అరలీటరు అదనంగా పోస్తాడు. అలాంటి ఇంజిన్లను బండితో వచ్చే పుస్తకంలో చెప్పినట్లు వేడెక్కించి, ఆపాక చెప్పిన సమయంలోనే మట్టం చూడాలి.

ఇదే బ్రీదర్ పైపు మట్టితో పూడుకుపోయినా, మడతపడినా కథ తిరగబడుతుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా లోపలి గాలికి బయటికి దారి లేక పీడనం పెరిగి, ఆయిల్‌ను బలహీనమైన సీలు గుండా తోస్తుంది. అప్పుడు కొత్త సీలు వేసినా కొద్దిరోజులలోనే కారుతుంది, నింద సీలు మీద పడుతుంది. అందుకే ఏ సీలు మార్చేముందైనా ఆ పైపును విప్పి, గాలి ఊది, దారి ఉందో లేదో చూడాలి. పైపు బాగుండి, ఆయిల్ మట్టం సరిగా ఉండి, అయినా ఎయిర్ బాక్సులోకి ఆయిల్ వస్తుంటే అప్పుడు పిస్టన్ రింగులను అనుమానించాలి. అప్పుడు కూడా కంప్రెషన్ గేజి ఒక్కదాన్నే నమ్మకూడదు, ఎందుకంటే చాలా ఏటీవీలకు స్టార్టింగు తేలిక కావడానికి కామ్‌షాఫ్ట్ మీద వాల్వును కాస్త తెరిచి ఉంచే డీకంప్రెసర్ ఉంటుంది, దానివల్ల మంచి ఇంజిన్ కూడా తక్కువ అంకె చూపిస్తుంది. సిలిండర్‌లోకి గాలి పంపి చేసే లీక్‌డౌన్ పరీక్షలో చెవి పెట్టి వింటే, ఆయిల్ పోసే మూత దగ్గర గాలి గట్టిగా బుసకొడితే రింగులు, ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు అని అర్థం.