ఏడుపు ఆగినంత మాత్రాన దగ్గరైనట్టు కాదు

విదేశం నుంచి పసిబిడ్డను దత్తత తెచ్చుకునేవారికి సలహాలంటూ ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. పది రోజుల్లో బిడ్డను పూర్తిగా మీ బిడ్డగా మార్చుకోవచ్చని దాని హామీ. అందుకు ఏడు సూత్రాలు. నా కూతురు అలాగే వచ్చిందని తెలిసినవారంతా దాన్ని నాకు పంపుతున్నారు. అభిమానంతోనే పంపుతున్నారు కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నిన్న పంపిన దంపతులు వచ్చే నెలలో ఇరవై నెలల పాపను తెచ్చుకోబోతున్నారు. సందేశం కింద ఒక్క ప్రశ్న రాశారు: "అక్కా, మూడోది తప్పకుండా చేయాలా?" ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

మూడోదానికి వస్తాను. ముందు మొదటిది. "మూడేళ్ల లోపు పిల్లలకు ఏమీ గుర్తుండదు, తెల్లకాగితాల్లా వస్తారు" అంటుంది సందేశం. జరిగినవి చెప్పలేకపోవడం వేరు, లోపల ఏమీ మిగలకపోవడం వేరు. చైనా నుంచి పసితనంలోనే దత్తతకు వచ్చి, ఫ్రెంచి మాట్లాడే ఇళ్లలో పెరిగిన ఆడపిల్లలకు కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు చైనీస్ స్వరాలు వినిపిస్తూ మెదడు స్కాన్ తీశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. ఆ పిల్లలకు చైనీస్ ఒక్క ముక్క రాదు. అయినా ఆ భాషను రోజూ మాట్లాడే పిల్లల మెదడులో ఎక్కడ కదలిక కనిపించిందో, వీళ్లలోనూ అక్కడే కనిపించింది. చాలామంది మాటలు కూడా సరిగా రాకముందే విడిచి వచ్చిన భాష అది. భాషే అలా ఉండిపోతే, జోకొట్టిన చేతి బరువు, పడుకున్న దుప్పటి వాసన ఎక్కడికి పోతాయి?

అందుకే రెండో సూత్రం నాకు మరీ కష్టంగా తోచింది. పేరు వెంటనే మార్చాలట, పాత భాష చెవిన పడనివ్వకూడదట, వెంట వచ్చిన బట్టలను విమానాశ్రయంలోనే పారేయాలట. ఆ బిడ్డకు ఒక్క రోజులో చూసే ముఖాలు, వినే మాటలు, పడుకునే చోటు అన్నీ మారిపోయాయి. మిగిలింది ఒక పేరు, ఒక గుడ్డముక్క. వాటినీ లాగేసుకోమంటున్నారు. కొత్త పేరు పెట్టుకోవడం తప్పని నేను అనను. పాత పేరు కూడా పక్కనే ఉండనివ్వండి అంటాను. పేరుతో సహా తన గుర్తింపును నిలుపుకునే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెప్పింది. దేశాంతర దత్తతపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందం, బిడ్డ పుట్టుక వివరాలను భద్రపరచవలసిందేనని ముప్పయ్యో అధికరణలో రాసింది. దేశాలు దాచమన్నదాన్ని తల్లిదండ్రులు చెత్తబుట్టలో వేయాలా?

ఇప్పుడు మూడోది. దాని మాటల్లోనే చెబుతాను: "బిడ్డ ఏడ్చినా గింజుకున్నా ఊరడించకండి. కదలకుండా గట్టిగా పట్టుకోండి. ఎంతసేపైనా సరే, మీ కళ్లలోకి చూసి లొంగేదాకా వదలకండి. అప్పుడే అనుబంధం పుడుతుంది."

లొంగేదాకా! ఎవరు లొంగాలి? ఇరవై నెలల పాపా? ఇది అమాయకమైన చిట్కా కాదు. చికిత్స పేరుతో దశాబ్దాలుగా చలామణిలో ఉన్న క్రూరత్వం. 2000 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలరాడోలో పదేళ్ల దత్తపుత్రికకు పెంపుడు తల్లితో అనుబంధం కుదర్చడానికని ఒక 'పునర్జన్మ' చికిత్స చేశారు. దుప్పట్లో చుట్టి, చుట్టూ దిండ్లు పెట్టి, పెద్దవాళ్లు పైనుంచి అదిమారు. ఊపిరాడటం లేదని ఆ పిల్ల మళ్లీ మళ్లీ చెప్పింది. దాన్ని మొండితనం అనుకున్నారు. గంటకు పైగా సాగింది. పిల్ల చనిపోయింది. చికిత్స చేసిన ఇద్దరికి పదహారేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది, ఆ రాష్ట్రం మరుసటి ఏడాది ఆ పద్ధతిని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ పిల్ల దేశం దాటి వచ్చినది కాదు, నిజమే. కానీ పిల్ల ప్రతిఘటనను విరిస్తే ప్రేమ వస్తుందన్న నమ్మకం అక్కడా ఇదే, ఈ సందేశంలోనూ ఇదే. బలవంతంగా పట్టి ఉంచే ఇలాంటి పద్ధతులను వాడవద్దని పిల్లలపై హింసను అరికట్టే రంగంలోని అమెరికా నిపుణుల సంఘం 2006లోనే స్పష్టంగా రాసింది. ఇన్నేళ్ల తర్వాత అదే సలహా పువ్వుల బొమ్మ పెట్టుకుని మన ఫోన్లలోకి వస్తోంది.

పోనీ, ప్రమాదం జరగలేదనుకుందాం. ఏడుపు ఆగిందనుకుందాం. ఆగితే ఏమైనట్టు? 1989 డిసెంబరులో నియంత చౌషెస్కు పాలన కూలిపోయాక రుమేనియా శిశుగృహాలకు వెళ్లినవారిని అక్కడి నిశ్శబ్దం కలవరపెట్టింది. గదుల నిండా మంచాలు, మంచాల నిండా పసివాళ్లు, ఏడుపు మాత్రం వినబడదు. ఏడిస్తే ఎవరూ రారని ఆ పిల్లలు నేర్చుకున్నారు. తర్వాత ఆ దేశ రాజధాని బుఖారెస్ట్‌లో శిశుగృహాల్లోని 136 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. చీటీలు తీసినట్టు సగం మందిని ఎంపికచేసి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్లు నిండకముందే ఇళ్లకు చేరిన పిల్లల్లో పెంచేవారితో గట్టి అనుబంధం ఎక్కువగా కనిపించింది. వాళ్లనెవరూ లొంగదీయలేదు. పిలిస్తే పలికే ఒక మనిషిని ఇచ్చారు, అంతే.

నా కూతురు ఇరవై రెండు నెలల వయసులో వచ్చింది. మొదటి మూడు నెలలూ పడినా ఏడ్చేది కాదు. మోకాలు చీరుకుపోయినా లేచి, దులుపుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయేది. చూసినవారంతా ఎంత బుద్ధిమంతురాలో అన్నారు. నాకు మాత్రం గుండె జారిపోయేది. నాలుగో నెలలో ఒకరోజు గడప తట్టుకుని పడింది. పడి, తల తిప్పి నేనెక్కడున్నానో వెతికి, నన్ను చూశాక భోరుమంది. ఎత్తుకుని నేనూ ఏడ్చాను. మా ఇంట్లో అనుబంధం మొదలైన రోజు ఏదని అడిగితే నేను ఆ రోజే చెబుతాను. అంతటి ఏడుపును నొక్కేయమని చెప్పే హక్కు ఎవరికుంది?

నాలుగోది, గది నిండా బొమ్మలు. అక్కర్లేదు. ఏడోది, కాగితాలూ ఇంటి తనిఖీలూ వృథా, దళారీతో త్వరగా ముగించమనడం. దీనికి కూడా ఎక్కువ మాటలు అనవసరం. దక్షిణ కొరియాలో కన్నవాళ్లున్న పిల్లలను అనాథలుగా రాసి, రికార్డులు తారుమారు చేసి విదేశాలకు పంపారని ఆ దేశపు సత్య నిర్ధారణ కమిషనే 2025 మార్చిలో తేల్చింది. ఆ కాగితాలు సరిగా లేకపోతే మీ ఒళ్లో ఉన్నది ఇంకొక తల్లి వెతుకుతున్న బిడ్డ కావచ్చు.

ఆరోది చదివి ఎందరు తల్లులు కుమిలిపోయారో. చూసిన క్షణంలోనే ప్రేమ పుట్టాలట, నెలలో పుట్టకపోతే ఎవరిలోనో లోపముందట. కొందరికి వెంటనే పుడుతుంది. నాకు పుట్టలేదు. బాధ్యత పుట్టింది, భయం పుట్టింది, రాత్రంతా మేలుకోవడం అలవాటైంది. ప్రేమ వాటి వెనక మెల్లగా వచ్చింది. కన్న తల్లులకు కాన్పు తర్వాత వచ్చే దిగులు లాంటిది దత్తత తల్లులకూ వస్తుంది. అది వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, సిగ్గుపడి దాచుకోకూడదు. బిడ్డ వైపు నుంచి కూడా నెల గడువు అన్యాయం. రుమేనియా నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన 165 మంది పిల్లలను మనోవైద్యుడు మైకేల్ రట్టర్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఆరు నెలల లోపు వచ్చినవారు చాలావరకు మిగతా పిల్లలతో సమానంగా కోలుకున్నారు. ఆ తర్వాత వచ్చినవారిలో ఎక్కువమందికి ఇబ్బందులు మిగిలాయి, అయినా కొందరు ఏ ఇబ్బందీ లేకుండానే పెద్దవాళ్లయ్యారు. నెల రోజుల్లో చెప్పగలిగిన సంగతి కాదిది.

ఇక ఐదోది. "మొదటి కొన్ని వారాలు తల్లిదండ్రులు తప్ప ఇంకెవరూ బిడ్డను ఎత్తుకోకూడదు, తినిపించకూడదు." దీన్ని కూడా కొట్టిపారేయాలనే కూర్చున్నాను. కానీ ఇది నిజం. మా పాప వచ్చిన కొత్తలో ఎవరు చేతులు చాపినా వాళ్ల చంక ఎక్కేది. కలుపుగోలు పిల్ల అని మేం మురిసిపోయాం, అందరి చేతుల్లోకీ ఇచ్చాం. పూటకో ఆయా మారే చోట పెరిగిన పిల్లకు అందరూ ఒకటే. తనవాళ్లెవరో తెలియడానికి ముందు ఒకే జత చేతులు పదే పదే కనబడాలి. నేను ఆ పని చేయలేదు, అందువల్ల మాకు ఆలస్యమైంది. ఈ ఒక్కటి పాటించండి. అమ్మమ్మలూ మామయ్యలూ నొచ్చుకుంటారు, తర్వాత సర్దుకుంటారు.

చెల్లీ, నువ్వు అడిగిన మూడోది చేయవద్దు. పాప ఏడిస్తే ఎత్తుకో. ఎత్తుకుంటే గింజుకుని దిగిపోతే దింపు, పక్కనే కూర్చో, మళ్లీ చేయి చాపేదాకా ఉండు. రాత్రి మూడింటికి ఏడిస్తే అది బెంగ, మొండితనం కాదు. బయలుదేరే ముందు అక్కడి ఆయాను అడిగి రాసుకో: బోర్లా పడుకుంటుందా వెల్లకిలా, నిద్రపుచ్చేటప్పుడు ఏం పాడతారు, నీళ్లు కావాలంటే ఏమని అడుగుతుంది. ఆ పాటను ఫోన్లో రికార్డు చేసుకో. ఆయాతో కలిపి పాపకు ఒక ఫోటో తీయి. పాప కప్పుకునే దుప్పటి ఇమ్మని అడుగు. ఇస్తే తెచ్చుకో, ఉతకకు.