చెరువు చెడిన కబురు గట్టుకే ముందు తెలుస్తుంది

చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్నవాళ్ల మాటలు ఎప్పుడైనా విన్నారా? నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. ఎక్కువసార్లు పాటతోనే మొదలవుతాయి. ఎవరి ఫోనులోనో పాత పాట సన్నగా మోగుతుంటుంది. అందులో వేణువు వాయించింది ఎవరన్న దగ్గర వాదన పుడుతుంది. అక్కడి నుంచి మొన్నటి వానకు, ఈసారి ఆలస్యంగా వచ్చిన నీటికోళ్లకు, పక్క మండలంలో చేపలు తేలాయన్న వార్తకు మాట జారిపోతుంది. ఆ మధ్యలో ఎవరో ఒకరు, బెండు మీద నుంచి చూపు తిప్పకుండానే అంటారు: "నెల రోజులుగా ఒక్క బొచ్చె కూడా తగలలేదు మాస్టారూ. పడితే మార్పు చేప, లేదంటే కొర్రమీను." మాస్టారు తల ఊపుతారు. మాట మళ్లీ వేణువు దగ్గరకు వెళ్లిపోతుంది.

ఆ మాటను పొద్దుపోక చెప్పుకునే కబురుగా వదిలేయడమే మనం చేస్తున్న తప్పు. నా దృష్టిలో అది నీటి పరీక్ష ఫలితం, అదీ చాలా ఖచ్చితమైన ఫలితం. కొర్రమీనుకు, మార్పు చేపకు నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకునే శక్తి ఉంది. బొచ్చెకు, రాగండికి ఆ వీలు లేదు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను మొప్పలతో తీసుకుంటేనే వాటికి ప్రాణం. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం చెబుతోంది. గాలానికి బొచ్చె తగలడం మానేసి, గాలి పీల్చే చేపలే పడుతున్నాయంటే ఆ చెరువుకు ఊపిరి ఆడటం లేదేమో అని వెంటనే అనుమానించాలి. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, దొరికితే ఎవరికైనా సంతోషమే. అదొక్కటే దొరుకుతున్న రోజున మాత్రం నాకు భయం వేస్తుంది.

మరి అధికారుల పరీక్షలు లేవా అంటారు. ఉన్నాయి. ఏ వేళకు చేస్తారన్నదే ప్రశ్న. మురుగు చేరిన చెరువులో నాచు చిక్కగా పెరుగుతుంది. పగలు ఎండలో ఆ నాచే ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక అదే నాచు నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి సీసా ముంచితే అంకె బాగానే కనిపిస్తుంది, కాగితం మీద చెరువు ఆరోగ్యంగానే ఉంటుంది. ఉదయం అయిదింటికి ఆ నీటి పక్కన ఎవరుంటారు? గాలం వేసేవాళ్లే ఉంటారు.

ఒక వేసవి చివర నేనూ అక్కడే ఉన్నాను. ఇంకా వెలుతురు రాలేదు, ఎప్పటిలాగే ఫోనులో పాట మోగుతోంది. "ఆ పాట కాస్త ఆపు నాయనా" అన్నారు మాస్టారు. ఆపాక వినిపించింది. నీటి మీద సన్నగా, తెరపి లేకుండా, తుంపర మొదలైనట్టు చప్పుడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. టార్చి వేసి చూస్తే గట్టు పొడవునా వేలాది చిన్న పరిగెలు నోళ్లు తెరిచి నీటి పైపొరను చప్పరిస్తున్నాయి. వాటికి లోపల ఊపిరి ఆడటం లేదు. మాలో ఒకాయన ఆఫీసు వేళ దాకా ఆగి, సంబంధిత కార్యాలయానికి ఫోను చేశాడు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు. మూడో రోజుకు చెరువు మీద తెల్లగా చేపలు తేలాయి. అప్పుడు వచ్చారు, సీసాలతో.

ఆ మూడు రోజుల సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇంగ్లండ్ గుర్తొస్తుంది. అక్కడ గాలం వేసేవాళ్లు 1948లోనే కాలుష్యంపై న్యాయపోరాటానికి ఒక సంఘం పెట్టుకున్నారు. డెర్వెంట్ నదిని పాడుచేస్తున్నారని డెర్బీ ప్రాంతపు గాలం సంఘం బ్రిటిష్ సెలనీస్ బట్టల కంపెనీ మీద, మురుగు వదులుతున్న నగరపాలక సంస్థ మీద, వేడినీళ్లు వదులుతున్న విద్యుత్ సంస్థ మీద దావా వేసింది. 1952లో అప్పీలు కోర్టు దాకా నిలబడి గెలిచింది. కాలక్షేపానికి నది ఒడ్డున కూర్చునేవాళ్లు పరిశ్రమనూ ప్రభుత్వాన్నీ ఒకే బోనులో నిలబెట్టారు! 2023లో యార్క్‌షైర్‌లోని కోస్టా బెక్ అనే చిన్న ఏటి కోసం ఒక గాలం క్లబ్బు ప్రభుత్వం మీదనే హైకోర్టులో నెగ్గింది. ఈ తరంలో ఆ దేశపు నదుల మురుగు గురించి అందరికంటే గట్టిగా గొంతెత్తినవారిలో ఒకరు ఫియర్గల్ షార్కీ. ఆయన 1970లలో అండర్‌టోన్స్ బృందంలో పాడిన గాయకుడు, లీ నది మీద గాలం వేసే మనిషి. పాటతో బతికిన చెవికి నది గొంతు మారితే తెలియకుండా ఉంటుందా? 2024 ఎన్నికల నాటికి నదుల్లోకి మురుగు వదలడం అక్కడ పార్టీలన్నీ సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్న అయింది.

వాళ్లు గెలవడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో చేపలు పట్టే హక్కు చట్టం గుర్తించే ఆస్తి. ఆ ఆస్తికి నష్టం చేశారని గాలం క్లబ్బు నేరుగా కోర్టుకు వెళ్లగలదు. మన చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది, అలాగే ఉండాలి కూడా. అయితే సంఘమూ గాలమూ ఎదురుపక్షాలు కావు. నీరు చెడితే మొదట కడుపు కాలేది సంఘం సభ్యుడికే. తెల్లవారుజామున గట్టు మీద ఉన్నవాడి సాక్ష్యం, సంఘం చేతిలోని హక్కు కలిస్తే మన దగ్గరా డెర్బీ లాంటి కేసు నిలబడుతుంది.

గాలం వేయడం జీవహింస అనేవారు ఉన్నారు. తెగిన నైలాను దారాలు కొంగల కాళ్లకు చుట్టుకుంటాయన్న ఫిర్యాదు నిజమే, నా కళ్లతో చూశాను. సంఘం అనుమతి లేకుండా చేపలు పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. అనుమతి తీసుకోవాలి, దారం ముక్క కూడా గట్టున వదలకూడదు, ఇందులో వాదన లేదు. అయితే ఒక గాలానికి చిక్కే చేపలెన్ని, ఒక్క రాత్రి మురుగుకు చచ్చే చేపలెన్ని?

నన్ను ఇంతకంటే వేధించే సంగతి ఒకటుంది. గట్టు మీద మనిషే లేకుండా పోతున్నాడు. సుందరీకరణ పేరుతో చెరువు చుట్టూ కంచె, కాంక్రీటు గోడ, నడక దారి, గేటుకు తాళం వస్తున్నాయి. ఆక్రమణలను ఆపాలంటే హద్దు ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ హద్దు ఆక్రమణదారుడితో పాటు చాకిరేవునూ, గేదెలు కడిగేవాణ్నీ, గాలం వేసేవాణ్నీ కూడా నీటికి దూరం చేస్తోంది. నీటిలో రోజూ చెయ్యి పెట్టేవాళ్లంతా వెళ్లిపోయాక దాని వాసన మారిందని ఎవరు చెబుతారు? హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు పాడైన కథ పాఠకులకు తెలిసిందే. 1990లో అది సుప్రీంకోర్టు గడప తొక్కిందంటే, ఆ నీటిని రోజూ వాడుకునే ఊళ్లు గోడు వెళ్లబోసుకోబట్టే. ఆ వాగు వెంట కంచె కట్టి, ఊళ్లను అవతల పెట్టి ఉంటే ఆ గోడు పుట్టేదే కాదు. హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన 111 జీవో మీద ఇంత చర్చ జరిగింది కదా, ఆ జలాశయాల నీటి అంచుకు మామూలు మనిషి వెళ్లే హక్కు గురించి ఎంతమంది మాట్లాడారు?

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి చెరువుకు ఒక వైపు గట్టును తెల్లవారుజాము నుంచి తెరిచి ఉంచాలి. మత్స్య సంఘం దగ్గర ఒక పుస్తకం పెట్టి, ఆ రోజు ఏ చేప తగిలింది, నీటి రంగు ఎలా ఉంది, వాసన ఏమిటి అన్నవి గట్టు మీదివాళ్లతో రాయించాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును కూడా ఫిర్యాదుగా తీసుకుని, అదే వేకువన వచ్చి నీటి నమూనా తీయాలి.

మా చెరువు గేటు ఇప్పుడు ఉదయం ఏడింటికి తెరుస్తున్నారు. మాస్టారు అలవాటు కొద్దీ అయిదింటికే వస్తున్నారు. ఫోనులో పాట పెట్టుకోవడం లేదు. కంచె ఇవతల నిలబడి, దాని ఇనుప వలకు చెవి ఆనించి, నలభై అడుగుల దూరంలో ఉన్న నీటి చప్పుడు వినే ప్రయత్నం చేస్తున్నారు.