మహారాజశ్రీ లోకల్‌హోస్ట్ గారికి

నా లాప్‌టాప్‌లో 127.0.0.1 అనే అడ్రసులో నివాసులూ, యంత్రం తనను తాను పిలుచుకునే పేరూ అయిన మహారాజశ్రీ లోకల్‌హోస్ట్ గారికి, ఒకానొక వెబ్ డెవలపర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గాని, మీ దగ్గర ఉభయులంటూ ఎవరూ లేరు కనుక ఆ మాట వదిలేస్తున్నాను. అడిగే బ్రౌజరూ ఇచ్చే సర్వరూ ఒకే పెట్టెలో కాపురముంటే, కుశలం ఎవరు ఎవరిని అడగాలి?

మీ వైభవానికి లోటేమీ లేదు. ఇంటర్నెట్లో యంత్రాలకిచ్చే ఐపీవీ4 అడ్రసులు చాలక ఒక్కదానినే పదిళ్లవాళ్లు పంచుకుంటున్న లోకంలో, 127తో మొదలయ్యే కోటీ 67 లక్షల పైచిలుకు అడ్రసులను, యంత్రం తనతో తాను మాట్లాడుకోవడానికని మీ వంశానికి ఇనాముగా రాసిచ్చారు. తర్వాతి తరం అడ్రసులైన ఐపీవీ6 నాటికి పెద్దలకు తెలివి వచ్చినట్టుంది, మీకు ఒక్కటంటే ఒక్కటే మిగిల్చారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, గుంటూరులో మా మావయ్య నడిపే పచ్చళ్ల దుకాణానికి వెబ్‌సైటు కట్టడం మీ ఇంట్లోనే మొదలుపెట్టాను. సొంత యంత్రంలోనే సర్వరునూ డేటాబేసునూ నడిపే జాంప్ ఎక్కించి, పీహెచ్‌పీ భాషలో రాసిన ఫైలును హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పెట్టి, డేటాబేసుకు సర్వాధికారి పేరైన రూట్ అని చెబితే, పాస్‌వర్డయినా అడగకుండా తలుపు తీశారు. పీహెచ్‌పీ కోడంతా సర్వర్లోనే నడుస్తుందనీ, బ్రౌజరుకు చేరేది వట్టి హెచ్‌టీఎంఎల్ మాత్రమేననీ చదువుకున్నాను గాని, ఆ రెంటి నడుమ గోడ మీ ఇంట్లో ఎక్కడుందో నాకు కనబడలేదు. సాయంత్రానికల్లా ఆవకాయ సీసా బొమ్మ, కింద 250 రూపాయల ధర తెర మీద మెరిశాయి. ఆ సంబరంలో, లోకల్‌హోస్ట్ అని మొదలయ్యే లింకును మావయ్యకు వాట్సాప్‌లో పంపాను. "ఇక్కడేమీ లేదు కదరా అల్లుడూ" అని జవాబు వచ్చింది. మీ పేరు ఎవరు పలికితే వారి యంత్రానికే వర్తిస్తుందనీ, ఆయన లింకు నొక్కగానే పాపం ఆ ఫోను తనలో లేని సర్వరు కోసం తనలోనే వెదుక్కున్నదనీ చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.

అద్దె సర్వరుకు మారాక మీ పెంపకం బయటపడింది. విండోస్ మీద మీకు ఫైలు పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టదు. కోడ్‌లో ఎలా పిలిచినా ఆవకాయ పలికేది. అద్దె సర్వరును నడిపే లినక్సుకు అవి రెండు వేర్వేరు ఫైళ్లు కనుక, బొమ్మలన్నీ దొరకలేదనే 404 అయి కూర్చున్నాయి. తప్పు ఎన్నో వరుసలో ఉందో మీరు ముఖం మీదే చెప్పేవారు. ఆ అద్దె సర్వరు మాత్రం ఇంటిగుట్టు పరాయివాళ్లకు తెలియకూడదని 500 అనే మూడంకెలు విసిరి, అసలు సంగతి లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. నిజానికి అదే మర్యాద, ఆలస్యంగా ఒప్పుకుంటున్నాను.

అసలు ద్రోహం మరొకటి. సీసా ధరను ఆర్డరు ఫారంలో కనబడకుండా దాచి, అది తిరిగి పంపిన అంకెనే సర్వరు నమ్మేలా రాశాను. మీ ఇంట్లో అమ్మేవాడినీ నేనే, కొనేవాడినీ నేనే. నన్ను నేను మోసం చేసుకునే అవసరం ఎన్నడూ రాలేదు. బయట ఒక మహానుభావుడు బ్రౌజరులో పేజీ లోపలి కోడును మార్చనిచ్చే డెవలపర్ టూల్స్ తెరిచి, 250ని 1 చేసి, పది సీసాలు ఆర్డరిచ్చాడు. పార్సిలు కట్టబోతూ మావయ్య ఫోను చేశారు: "ఆవకాయ రూపాయికి ఎప్పటినుంచి ఇస్తున్నామురా?" ఇప్పుడు బ్రౌజరు నుంచి పచ్చడి పేరు, సీసాల లెక్క మాత్రమే తీసుకుని, ధర డేటాబేసులో చూసుకుంటున్నాను. మైనస్ మూడు సీసాలు అడిగే ఘనులనూ సర్వరు గుమ్మంలోనే ఆపుతున్నాను.

గోంగూర పేజీ పని రేపు మళ్లీ మీ ఇంట్లోనే మొదలవుతుంది. తలుపు తీసే ముందు ఒక్కసారి పాస్‌వర్డ్ అడగమని మనవి.

ఇట్లు,
తమ పాత కిరాయిదారు

తా.క.: మావయ్య ఫోనులో ఆ మొదటి లింకు ఇంకా భద్రంగా ఉంది. చుట్టాలు వెబ్‌సైటు ఏదని అడిగినప్పుడల్లా దానినే పంపుతున్నారు.