సున్నా ఖర్చు అడిగితే కాకిలెక్కలే వస్తాయి

అమెరికాలోని మన అసోసియేషన్ సేవా కమిటీకి వచ్చే ప్రపోజళ్లలో తిరుపతి, చిత్తూరు జిల్లాలవి ఏటా ఉంటాయి. వాటిలో కొన్ని చర్చిల తరఫున పిల్లల కోసం నడిపే సెంటర్లవి. బడి వదిలాక చదువు, ఒక పూట భోజనం, అప్పుడప్పుడు డాక్టర్ పరీక్ష, ఆదివారం పాటలు. వాటిని చదివేటప్పుడు మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "మనమిచ్చే డాలర్‌లో పిల్లలకు చేరేదెంత?" వందకు వంద చేరుతుందని రాసినవాళ్లకు మార్కులు ఎక్కువ. నాకు మాత్రం ఆ వందకు వంద కనిపిస్తేనే టెన్షన్.

ఆఫీసు ఖర్చు సున్నా అంటే పిల్లల్ని తూచేవాళ్లకూ, రిజిస్టర్ రాసేవాళ్లకూ, బిల్లులు చూసేవాళ్లకూ జీతం లేదని. అప్పుడు ఆ పని చర్చి పాస్టర్ అయ్యగారి మీదో, ఆయన భార్య అమ్మగారి మీదో పడుతుంది. వాళ్లకు ప్రార్థనలు, పెళ్లిళ్లు, సమాధి కూటాలు ఎలాగూ ఉన్నాయి. ఒక సెంటర్ పంపిన బరువుల రిజిస్టర్ కాపీ నా దగ్గరికి వచ్చింది. మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. ప్రతి బిడ్డా ప్రతి నెలా సరిగ్గా 200 గ్రాములు పెరిగింది. ఆ వయసు పిల్లలు ఏడాదికి సుమారు 2 కిలోలు పెరుగుతారన్నది నిజమే కాబట్టి మొత్తం చూస్తే లెక్క దాదాపు సరిపోతుంది. కానీ ఏ బిడ్డా మెట్లెక్కినట్టు పెరగదు. వానాకాలంలో జ్వరమొస్తే అర కిలో తగ్గుతుంది, తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. ఆ రిజిస్టర్‌లో ఏ నెలలోనూ ఎవరికీ జ్వరం రాలేదు. పైగా పన్నెండు నెలలూ ఒకే పెన్ను, ఒకే ఇంకు. రిపోర్టు పంపాల్సిన ముందురోజు రాత్రి ఎవరో కూర్చుని నింపారు. వాళ్లను తిట్టబుద్ధి కాలేదు. తూచే మనిషికి డబ్బివ్వకుండా బరువులు అడిగింది మనమే కదా.

ప్రమాణాలు అనగానే మనలో కొందరు "అవన్నీ తెల్లవాళ్ల పేపర్ వర్క్, పల్లెలో సేవ చేసేవాళ్లను విసిగించకండి" అంటారు. నేనొప్పుకోను. బిడ్డను తాకే ఏ పనికైనా ప్రమాణం ఉండాల్సిందే. సెంటర్‌లో పనిచేసేవాళ్ల గురించి ముందే విచారించారా? బిడ్డకు ఇబ్బందైతే ఎవరికి చెప్పుకోవాలో బిడ్డకు తెలుసా? పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద ఉందా? 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. "సంఘం పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అంటే కుదరదు. ఈ మాట ప్రపోజల్‌లో లేకపోతే మిగతాది ఎంత బాగా రాసినా పక్కన పెట్టేయాలి.

ఇక రాతల సంగతి. ఇంగ్లీషులో వచ్చే ప్రపోజళ్లు చాలావరకు ఒకే చేతి రాతలా ఉంటాయి. డబ్బు తీసుకుని రాసిపెట్టే కన్సల్టెంట్లు ఉన్నారు. ఊరి పేరు మారుతుంది, "సమగ్ర అభివృద్ధి" మారదు. దాతలకు కుట్టుమిషన్లంటే ఇష్టమని ఎవరు చెప్పారో గానీ, పిల్లల ప్రాజెక్టులోకి కూడా కుట్టుమిషన్లు వచ్చేస్తాయి. కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక ప్రపోజల్‌లో సెంటర్ వేళలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు అని ఉంది. ఆ ప్రాంతంలో కూలి పనికి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయే తల్లిదండ్రులు ఎంతమందో అక్కడివాళ్లకు తెలుసు. వాళ్ల పిల్లలు ఒంటరిగా ఉండేది పొద్దున, బడి గంట కొట్టేదాకా. చెల్లెలికి జడ వేసి, మిగిలిన సంగటి పెట్టి, తలుపుకు గొళ్లెం పెట్టి బడికి పోయే పిల్లకు పదేళ్లుంటాయి. ఆమెకు కావాల్సింది పొద్దున ఆరింటికి తెరిచే సెంటర్. ఈ సంగతి అంగన్‌వాడీ టీచరమ్మను అడిగితే అయిదు నిమిషాల్లో చెబుతుంది. తెలుగులో రాసి పంపమంటే ఆ ఊరి మనిషే రాస్తాడు. చదవడానికి మనకేం కష్టం?

డబ్బు పంపే దారి కూడా తెలుసుకోవాలి. అమెరికాలో రిజిస్టరైన మన అసోసియేషన్ ఇచ్చేది ఇండియా చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు సొంతంగా ఇచ్చినా అంతే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే అది వేరు. 2020లో విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏను సవరించాక విదేశీ డబ్బంతా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌కు రావాలి. అందులో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తీసుకున్న డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. అంటే పట్నంలోని పెద్ద సంస్థ తీసుకుని సత్యవేడు పక్కన చిన్న చర్చికి పంచే పద్ధతి పోయింది. చట్టమే 20 దగ్గర గీత గీసింది. దాని కింద మనం మళ్లీ సున్నా గీత గీయడం దేనికి?

మతం మాట దాటేస్తే వ్యాసం సగమే రాసినట్టు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు వింటే మా పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది టీబీ వైద్యం, నడిపింది మిషన్ అన్నది తర్వాత. చర్చి సెంటర్‌ను క్రైస్తవుల పేరుతో నడపడంలో దాచాల్సిందేమీ లేదు. కానీ అన్నం ముద్దకూ ప్రార్థనకూ ముడి పెట్టకూడదు. ఏ బిడ్డనైనా తల్లి "పాటలకు వద్దు, చదువుకు మాత్రం పంపుతా" అంటే ఆ బిడ్డ పేరు రిజిస్టర్‌లో ఉండాలి. ఈ ముక్క రాతపూర్వకంగా అడగాలి, తర్వాత వెళ్లి చూడాలి.

పిల్లలకు స్పాన్సర్లను చూపే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2016లో కేంద్ర హోంశాఖ దాన్ని, డబ్బు పంపాలంటే ముందే అనుమతి తీసుకోవాల్సిన సంస్థల జాబితాలో పెట్టింది, 2017 మార్చిలో అది ఇండియాలో పని ఆపేసింది. అప్పటికి దాదాపు 1,45,000 మంది పిల్లలు దాని స్పాన్సర్‌షిప్‌లో ఉన్నారు. తప్పెవరిదన్న వాదనలోకి నేను పోను. నెలనెలా డబ్బు ఒకే చోటి నుంచి వస్తూ, ఒకనాడు ఆగిపోతే పదో తరగతి బిడ్డ ఫీజు ఎవరు కడతారన్నది ప్రపోజల్ మొదటి పేజీలోనే ఉండాలి. మన కమిటీ ఫారంలో ఆ ప్రశ్నే లేదు. బిడ్డ పేరు, ఊరు, బడి, ఫొటో మాత్రం అడుగుతుంది. ఆ నాలుగూ కలిపి ఎవరి చేతికి పోతే ఏమవుతుందో ఆడపిల్లలున్న ఇళ్లలో చెప్పక్కర్లేదు.

వచ్చే సమావేశంలో నేను అడగబోయేది చిన్న మార్పే. "ఆఫీసు ఖర్చు ఎంత తగ్గించగలరు?" అన్న గడి తీసేసి, "రిజిస్టర్ రాసేదెవరు, వాళ్లకు నెలకు ఎంతిస్తారు?" అన్న గడి పెట్టమని. దాతలకు ఏం సమాధానం చెప్పాలని కోశాధికారి గారు తప్పకుండా అడుగుతారు. ఈ పేజీ జిరాక్స్ తీసి ఇవ్వమంటాను.